తినెడి బొమ్మలు

అనకాపల్లి పట్టణమునకు సమీపమున శంకరము అను గ్రామము కలదు. దాని చెంతనున్న బొజ్జన్నకొండ, లింగాలకొండ అను రెండు గుట్టలమీద ప్రాచీన కాలపు బౌద్ధులు రాతిని తొలిచి స్తూపములను, గుహలను నిర్మించిరి. 1907-08 సంవత్సరములలో అలెగ్జాండర్ రీ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు అచట త్రవ్వకములు జరిపించి ఆ శిల్పసంపదను వెలుగులోనికి తెచ్చెను. ఎండకు ఎండి, వానకు తడిసి, వేయి సంవత్సరములకు పైగా గడచినను ఆ రాతి స్తూపములు నేటికిని నిలిచియున్నవి.

అదే పట్టణమున ప్రతి పండుగనాడును ఇండ్లలో మరియొక విధమైన శిల్పము తయారగుచుండును. దీనికి ఉలి అక్కరలేదు, సుత్తి అక్కరలేదు. చేతివ్రేళ్లే పనిముట్లు, వంటిల్లే శిల్పశాల. ఈ శిల్పమునకు ఆయువు ఒక పూట మాత్రమే. ఉదయమున రూపుదిద్దుకొనిన చిలుక సాయంకాలమునకు పిల్లల నోటిలో కరగిపోవును. అట్లు కరగిపోవుటయే దాని జన్మకు సార్థకత.

ఇట్టి వస్తువును మనము తినెడి బొమ్మ యని పిలువవచ్చును. అది చూచుటకు అందముగా నుండవలెను. నమలుటకు రుచిగా నుండవలెను. తిన్న పిమ్మట ఒంటికి కీడు చేయరాదు. రాతిబొమ్మకు కన్ను ఒక్కటియే పరీక్షకుడు. తినెడి బొమ్మకు కన్ను, నాలుక, కడుపు అను మువ్వురు పరీక్షకులు కలరు. ఈ మువ్వురి యెదుటను నెగ్గు బొమ్మను ఇంటిలో చేయుట యెట్లో, అందుచే మనము నేర్వవలసిన దేమో ఈ పాఠమున తెలిసికొందము.

ఏ శిల్పమునకైనను మొదట ముడిపదార్థమును ఎరుగవలెను. కుమ్మరికి మన్నువలెను, వడ్రంగికి కఱ్ఱవలెను తినెడి బొమ్మలు చేయువానికి పిండియు, తీపియు ముఖ్యము. తీపి యనగానే మన ప్రాంతమువారికి తలపునకు వచ్చునది బెల్లము. శారదానది నీటితో తడియు ఈ ప్రాంతపు పొలములలో చెరకు పంట చిరకాలమునుండి ప్రసిద్ధము. 1913లో అనకాపల్లిలో చెరకు పరిశోధనా కేంద్రము వెలసినది. అది నేడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానముగా పనిచేయుచున్నది. 2022 ఏప్రిలు 4వ తేదీన అనకాపల్లి ప్రత్యేక జిల్లాకు కేంద్రమైనది. జిల్లా పేరు క్రొత్తదైనను బెల్లపు పేరు ప్రాతదే. ఇచటి బెల్లపు విపణి దేశమందలి పెద్ద విపణులలో ఒకటిగా పేరొందినది.

బెల్లము తయారగు విధమును గమనింపుడు. చెరకును గానుగలో ఆడించి రసము తీయుదురు. రసమును వెడల్పయిన పెనములో పోసి కాచుదురు. పులుపు విరుగుటకై కొద్దిగా సున్నము కలుపుదురు. బెండమొక్కల కాండమును నలిపి తీసిన జిగురును వేసినచో రసమందలి మాలిన్యము ఆ జిగురుకు అంటుకొని తెట్టుగా పైకి తేలును. ఆ తెట్టును గరిటెతో తీసివేయుదురు. నీరు ఆవిరియైన కొలది రసము చిక్కబడును. దాని వేడి నూరు డిగ్రీలను దాటి సుమారు 118 డిగ్రీల వరకు పెరుగును. అప్పుడు దించి, కలియబెట్టి, అచ్చులలో పోసి ఆరనిచ్చినచో గట్టిపడి దిమ్మ యగును. సుమారు పది కిలోల చెరకునుండి ఒక కిలో బెల్లము లభించును. పొయ్యియొద్ద నిలిచి, నురుగు రంగును, పొంగు తీరును చూచియే పాకము వచ్చినదని చెప్పగల పనివారు ఎందరో కలరు. వారి కంటికి కొలమానము వారి అనుభవమే. బెల్లపు దిమ్మ కూడ అచ్చులో పుట్టిన వస్తువే కదా! కావున మనము చేయబోవు బొమ్మలకు అది పెద్దన్నవంటిది.

ఈ బెల్లపు రంగును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. చెరకు రసమునకు సహజముగా కాగిన పిమ్మట వచ్చు రంగు గోధుమవన్నె. చెరకు జాతిని, నేలను, కాచిన తీరును బట్టి అది లేతగనో ముదురుగనో ఉండును. కాని కొనువారి కన్ను బంగారువన్నె బెల్లమును కోరినది. ముదురు రంగు దిమ్మకు ధర తగ్గినది. ఆరుగాలము శ్రమించిన రైతు, తన సరకు రుచిలో లోపము లేకున్నను, రంగు కారణముగా నష్టపోవలసి వచ్చినది. అందుచే కొందరు రసము కాగునప్పుడు హైడ్రోస్ అను రసాయనమును వేయ నారంభించిరి. దానివలన బెల్లము పసుపుపచ్చగా మెరయును. అయితే ఆ మెరుపు నిలుచునది కాదు. నిలువయుంచిన కొలది రంగు మరల ముదురును. గంధకపు అంశము మాత్రము బెల్లములో మిగిలిపోవును. అది మితిమీరినచో ఉబ్బసము వంటి వ్యాధులున్న వారికి బాధ కలిగించును.

ఇచట తప్పు ఎవరిది? కాచినవానిదా, కొన్నవానిదా? ఆలోచించినచో ఇరువురి నడుమను మెరుపునే మేలుగా భ్రమించు మన కన్ను ఒకటి కలదు. నాలుకను, కడుపును అడుగకుండ కన్ను ఒక్కటియే తీర్పు చెప్పినప్పుడు కలుగు చిక్కు ఇది. తినెడి బొమ్మలు చేయువారు మొట్టమొదట నేర్వవలసిన పాఠము ఇందులోనే యున్నది. తినువస్తువునకు అందము దానిలోనుండి పుట్టవలెను, పైనుండి పూయరాదు.

లోనుండి పుట్టిన అందము ఎట్లుండునో చూడవలెనన్నచో మన పిండివంటలనే పరికింపుడు. కజ్జికాయ అంచును మడచి అల్లిన చీరకొంగువలె తీర్చిదిద్దుదురు. చూచువారికి అది అలంకారము. కాని ఆ మడతలు లేనిచో నూనెలో వేగునప్పుడు అంచు విడిపోయి లోపలి పూర్ణము బయటపడును. జంతికల గొట్టము బిళ్లకు నక్షత్రపు రంధ్రమును పెట్టుదురు. ఆ గాడులవలన జంతికకు అందము వచ్చుటయే కాక, నూనె తగులు పైభాగము పెరిగి లోపలివరకు కరకరలాడునట్లు వేగును. ఆత్రేయపురపు పూతరేకు కాగితమంత పలుచన. పలుచని బియ్యపు జావలో తడిపిన గుడ్డను కాలుచున్న కుండ వీపుమీద ఒక్కసారి లాగినచో క్షణములో రేకు ఏర్పడును. ఆ పలుచదనమే దాని సౌందర్యము. ఆ పలుచదనముననే అది నోటిలో కరగును. 2023లో ఆత్రేయపురపు పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ వంటలన్నిటియందును అందము, అవసరము కవలపిల్లలవలె కలిసి పుట్టినవి.

బొమ్మ రూపముననే ఉండు మిఠాయిలును మనకు కలవు. పంచదార చిలుకలను ఎరుగనివారు అరుదు. రెండు చెక్కలుగా నున్న కొయ్య అచ్చును బిగించి, కాగిన పంచదార పాకమును అందులో పోసి, చల్లారిన పిమ్మట విప్పుదురు. తెల్లని చిలుక బయటకు వచ్చును. పెండ్లిండ్లలో, పండుగలలో ఈ చిలుకలను పంచిపెట్టుట మన ఆచారము. తెలంగాణమున హోళీ పండుగకు చక్కెర బిళ్లలను దారమునకు కూర్చి పేరులుగా చేసి పిల్లల మెడలో వేయుదురు. ఆటలాడి అలసిన పిల్లవాడు తన మెడలోని హారమును తానే కొరుకుకొని తినుట చూడ ముచ్చటగా నుండును.

ఈ ముచ్చట మన దేశమునకు మాత్రమే పరిమితము కాదు. మెక్సికో దేశమున నవంబరు 1, 2 తేదీలలో పితృదేవతలను స్మరించు పండుగ జరుపుదురు. అప్పుడు పంచదారతో పుఱ్ఱెల బొమ్మలు చేసి రంగురంగుల పూతలతో అలంకరింతురు. ఈజిప్టులో మహమ్మదు ప్రవక్త జన్మదినోత్సవ సందర్భమున పంచదార పెండ్లికూతురు బొమ్మలను, గుఱ్ఱపు రౌతు బొమ్మలను అచ్చుపోయుదురు. మన దేశమందే వంగరాష్ట్రపు మేదినీపుర ప్రాంతమున శీతకాలములో స్త్రీలు నానబెట్టి రుబ్బిన మినపపిండిని గుడ్డ సంచిలోనుండి సన్నని ధారగా పిండుచు, నగల ఆకారమున వడియములు పెట్టుదురు. హారములు, కర్ణభూషణములు, శంఖములు, నెమళ్లు మున్నగు రూపములు ఆ ధారలో వెలయును. వానిని ‘గహనా బొడి’ యందురు. గహనా యనగా నగ. 1930లో రవీంద్రనాథ ఠాకూరు వానిని చూచి ముగ్ధుడై, వాని ఛాయాచిత్రములను శాంతినికేతనమందలి కళాభవనమున భద్రపరచుటకు అనుమతి కోరెనట. వేయించి తినెడి వడియమును మహాకవి కళాఖండముగా గౌరవించెను. వంటింటి కళకు ఇంతకంటె మన్నన ఏమి కావలెను?

బాలబాలికలారా! ఇక మనమును చేయ మొదలిడుదము. మొదటి పనిని పొయ్యి అక్కరలేనిదిగా ఎన్నుకొందము. అది పచ్చి చలిమిడి. నాగులచవితినాడు నైవేద్యముగా పెట్టు ఈ పదార్థము మెత్తని మట్టివలె ఏ రూపమునకైనను లొంగును. బియ్యమును కడిగి రాత్రియంతయు నానబెట్టవలెను. ఉదయమున నీరు వంచి, గుడ్డమీద కొంతసేపు ఆరనిచ్చి, తడి పూర్తిగా పోకముందే దంచి గాని మరలో పట్టి గాని మెత్తగా జల్లించవలెను. పిండిని పిడికిట పట్టి నొక్కినచో ముద్దగా నిలువవలెను. అదియే తడిపిండికి గుర్తు. రెండు గ్లాసుల పిండికి ఒక గ్లాసు తురిమిన బెల్లము చాలును. ఒక చెంచాడు నెయ్యి, చిటికెడు ఏలకుల పొడి చేర్చి చేతితో మర్దింపవలెను.

ఇచట ఒక వింతను గమనింపవచ్చును. మొదట పిండియు బెల్లమును పొడిపొడిగానే యుండును. తొందరపడి నీరు పోయరాదు. కొంతసేపు మర్దించినచో పిండిలోని తడిని బెల్లము పీల్చుకొని కరగ నారంభించును; కరగిన బెల్లమే పిండిని పట్టి ముద్దగా చేయును. ఒక్క చుక్క నీరైనను పోయకుండ ముద్ద సిద్ధమగును. తొందరపడి నీరు పోసినవాని ముద్ద జారిపోయి బొమ్మ నిలువదు. ఓర్పు అను గుణమును ఉపన్యాసములకంటె చలిమిడి చక్కగా నేర్పును.

ఈ ముద్దతో చిలుకను చేయుదము. నిమ్మకాయంత ముద్దను తీసికొని కోలగా తిప్పవలెను. ఒక కొనను సన్నగా సాగదీసినచో తోక యగును. మరియొక కొనను గుండ్రముగా నొక్కినచో తల యగును. కంటికి ఒక మిరియపు గింజ, ముక్కుకు కోసిన క్యారట్టు ముక్క, రెక్కలకు కొబ్బరి పలుకులు పెట్టవచ్చును. రెక్కమీది ఈకలను చెంచా అంచుతో గీయవచ్చును. చిలుకయే కానక్కరలేదు. చేపను చేసి పొలుసులకు నువ్వులు అద్దవచ్చును; తాబేలును చేసి వీపున గీతలు దిద్దవచ్చును. ప్రమిద చేసి నేతివత్తి వెలిగించి, దీపము కొండెక్కిన పిమ్మట ఆ ప్రమిదను ప్రసాదముగా తినుట మన యిండ్లలో నున్న ఆచారమే. అయితే ఇది ఉడుకని పిండి యని మరువరాదు. చేతులను సబ్బుతో కడుగుకొనియే ముట్టవలెను, చేసిన నాడే తినవలెను, మరునాటికి దాచరాదు. తినుటకు ముందు మిరియపు కన్నును తీసివేయవలెను; లేనిచో చిలుక తన కారమును చూపును.

రెండవ పని గవ్వలు. రెండు గ్లాసుల గోధుమపిండిలో చిటికెడు ఉప్పు, రెండు చెంచాల వేడి నెయ్యి వేసి, కొద్దికొద్దిగా నీరు చల్లుచు గట్టిగా కలుపవలెను. తడిగుడ్డ కప్పి అరగంట నాననీయవలెను. పిదప పిండిని బఠాణీ గింజకంటె కొంచెము పెద్దవియైన ఉండలుగా చేయవలెను. గాడులున్న గవ్వల చెక్కమీద ఒక ఉండను ఉంచి, బొటనవ్రేలితో అదిమి తనవైపునకు లాగినచో పిండి పలుచబడి, తనంతట తాను చుట్టుకొని, వీపున చారలుగల గవ్వ యగును. చెక్క లేనివారు శుభ్రమైన క్రొత్త దువ్వెన వీపును వాడుదురు. మొదటి పది గవ్వలు వంకరగా వచ్చును. ఇరువది చేయునప్పటికి వ్రేలికి ఒత్తిడి తెలియును. నూరు చేయువాడు కన్ను మూసికొనియు చేయగలడు.

గవ్వకు చారలెందుకు? ఇది కూడ అలంకారము మాత్రమే కాదు. వీపు నునుపుగా నున్నచో బెల్లపు పాకము జారిపోవును. చారలున్నచో వాని నడుమ నిలిచి అంటుకొనును. లోపల బోలుగా నుండుటచే నూనె రెండు వైపులను తగిలి సమముగా వేగును. ఇంత దూరమునందున్న ఇటలీ దేశపు గృహిణులు కూడ ‘న్యోకీ’ అను ఉడుకబెట్టిన బంగాళాదుంపల పిండి ముద్దలను ఇట్టి గాడుల చెక్కమీదనే దొర్లించి చారలు దిద్దుదురు. ఆ చారలలో వారి పులుసు నిలుచును. వారికి మన గవ్వ తెలియదు, మనకు వారి న్యోకీ తెలియదు. అయినను ఒకే అవసరము రెండు దేశముల చేతులకు ఒకే ఉపాయమును నేర్పినది.

గవ్వలను నూనెలో వేయించుట, పాకము పట్టుట పెద్దల పని. మరుగుచున్న పాకము నీటికంటె ఎక్కువ వేడిగా నుండును. అది చర్మమునకు అంటుకొని వెంటనే ఊడిరాదు. కావున దానివలన కలుగు గాయము లోతుగా నుండును. పిల్లలు దూరముగా నిలిచి చూడవలెను. చూడదగినది చాల కలదు. ఒక గ్లాసు బెల్లమునకు పావు గ్లాసు నీరు పోసి కాచి, వడకట్టి, మరల పొయ్యిమీద పెట్టుదురు. కొంతసేపటికి పాకమును చల్లార్చి రెండు వ్రేళ్ల నడుమ సాగదీసినచో సన్నని తీగ వచ్చును, అది తీగపాకము. ఇంకను కాగిన పిమ్మట ఒక చుక్కను చన్నీటిలో వేసినచో కరగక మెత్తని ఉండగా చేతికి వచ్చును, అది ఉండపాకము. మరికొంత కాగినచో ఆ ఉండ పళ్లెమున పడి ఠంగుమని మ్రోగును, అది ముదురుపాకము. నీరు తగ్గిన కొలది పాకపు వేడి పెరుగును. వేడి పెరిగిన కొలది చల్లారిన పిమ్మట గట్టిదనము పెరుగును. ఉష్ణమాపకము ఎరుగని మన అవ్వలు చన్నీటి పళ్లెముతోనే ఈ శాస్త్రమును సాధించిరి.

మూడవది రంగులు. ఇందులోనే ఎక్కువ జాగ్రత్త కావలెను. ఉగాదికి ముందువచ్చు కొత్త అమావాస్యనాడు అనకాపల్లిలో నూకాంబిక అమ్మవారి జాతర జరుగును. ఏ జాతరలోనైనను పిల్లల కన్ను మొదట పోవునది కండ్లు జిగేలుమనిపించు రంగులమీదికే. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు, పుదుచ్చేరి ప్రభుత్వములు పీచుమిఠాయి అమ్మకమును నిషేధించినవి. పరీక్షలలో ఆ మిఠాయియందు రోడమిన్-బి అను రంగు కనబడుటయే కారణము. అది బట్టలకు అద్దు రంగు, ఆహారమున వాడరానిది. ఆ మరుసటి నెలలో కర్ణాటక ప్రభుత్వము పీచుమిఠాయిలో కృత్రిమపు రంగులను నిషేధించినది. మన దేశపు ఆహార భద్రతా చట్టము 2006లో వచ్చినది. ఏ రంగును, ఏ ఆహారమున, ఎంత మేరకు వాడవలెనో దాని క్రింద నియమములు కలవు. కాని చట్టము ప్రతి బండియొద్దను కావలి కాయజాలదు. ఎఱుక గల కొనుగోలుదారుడే తనకు తాను కావలి.

రంగులను గూర్చి మన జిల్లాలోనే ఒక గొప్ప ఉదాహరణము కలదు. వరాహనది ఒడ్డున ఏటికొప్పాక అను గ్రామమున్నది. అంకుడు కఱ్ఱను తరిమెనమీద తిప్పి, లక్కపూత పూసి అచటివారు చేయు బొమ్మలు లోకప్రసిద్ధములు. ఒక కాలమున అచట రసాయనపు రంగుల వాడుక పెరిగినది. పసిపిల్లలు బొమ్మను చేత పట్టుకొనగానే నోట పెట్టుకొందురు కదా! ఆ రంగులు వారి కడుపులోనికి పోవుట ప్రమాదకరము. ఈ సంగతిని గ్రహించి సి.వి. రాజు అను కళాభిమాని గింజలు, బెరడులు, ఆకులు, వేళ్లనుండి రంగులు తీయు పద్ధతిని శ్రమించి పునరుద్ధరించెను. పసుపుకొమ్మునుండి పచ్చరంగు, జాఫ్రా గింజలనుండి నారింజవన్నె, నీలిమొక్కనుండి నీలము లభించును. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది, 2023లో సి.వి. రాజును భారత ప్రభుత్వము పద్మశ్రీతో సత్కరించినది. నోట పెట్టుకొనుటకు ఉద్దేశింపని కఱ్ఱబొమ్మ విషయముననే ఇంత శ్రద్ధ వహించిరన్నచో, తినుటకే చేసిన బొమ్మ విషయమున మనము ఎంత శ్రద్ధ వహింపవలెను!

వంటింటిలోనే మనకు కావలసిన వర్ణములన్నియు కలవు. చిటికెడు పసుపు పచ్చదనమునిచ్చును. బీట్‌రూటు తురుమును పిండినచో గులాబివన్నె వచ్చును. పాలకూరను క్షణకాలము వేడినీట ముంచి నూరి వడకట్టినచో చిలుకపచ్చ లభించును. ముదురు బెల్లము తేనెరంగును తెచ్చును. వీనిలో రసములను వాడునప్పుడు తడి పెరుగును. కావున చుక్కలు చుక్కలుగా వేసి, కొంచెము పొడిపిండిని చేర్చి మర్దింపవలెను. ముద్దంతయు రంగు చేయుటకంటె సగము తెల్లగా నుంచి సగమునకు రంగు వేసినచో రెండును ఒకదానినొకటి వెలిగించును. ఎఱ్ఱ మందారపు రేకులను వేడినీట నానవేసి చూడుడు. నీటికి ఊదావన్నె వచ్చును. అందులో నిమ్మరసపు చుక్కలు పిండగానే అది చక్కని ఎఱుపునకు తిరుగును. పులుపు తగిలిన మాత్రమున కొన్ని పూలరంగులు మారునను రసాయన శాస్త్రపు పాఠము ఒక గ్లాసు నీటిలో కనబడును. ఈ రంగులు అంగడి రంగులంత గాఢముగా ఉండవు; మరునాటికి వెలవెలబోవును. మన బొమ్మకు మరునాడు లేనేలేదు కదా! ఒక పూట బ్రతుకు బొమ్మకు ఒక పూట నిలుచు రంగు చాలును.

ఇవి ఆడపిల్లల పనులని మగపిల్లలు తొలగిపోరాదు. చెరకు రసమును పొయ్యిమీద కాచి బెల్లము తీయువారిలో, మిఠాయి అంగడులలో పాకము పట్టువారిలో పురుషులే ఎక్కువ. తరిమెన త్రిప్పువాడు ఒక చేయి, పిండి కలుపువాడు ఒక చేయి అని చేతికి జాతి లేదు. అన్నయు చెల్లెలును పీట వేసికొని కూర్చుండి, ఒకరు ఉండలు చేయగా ఒకరు గవ్వలు తీసినచో పని సగమగును, ముచ్చట రెట్టింపగును. అవ్వ యొకతె ప్రక్కన నున్నచో ఇంకను మేలు. ఏ పుస్తకమునను వ్రాయని పట్టులెన్నియో ఆమె వ్రేళ్లలో దాగియుండును. వేడి నెయ్యి ఎంత పోయవలెనో, పిండి ఎంత గట్టిగా ఉండవలెనో ఆమె మాటలతో చెప్పలేకపోవచ్చును, చేసి చూపగలదు. చూచి పట్టుకొనువారు లేనిచో ఆ విద్య ఆమెతోనే అంతమగును. నేడు గవ్వలు, జంతికలు అంగడిలో పొట్లములలో దొరకుచున్నవి. కొని తెచ్చిన పొట్లములో రుచి ఉండవచ్చును గాని, ఆ రుచిని మనకు తెచ్చిపెట్టిన చేతి నేర్పు ఆ పొట్లములో రాదు.

ఇంత శ్రమపడి చేసిన బొమ్మను తినివేయుటకు మనసొప్పునా యని కొందరు అడుగవచ్చును. ఒప్పవలెను. దాచిన చలిమిడి చిలుక రెండవ నాటికి పులియును. మూడవ నాటికి బూజు పట్టును. పంచిన చిలుక పదిమంది నోళ్లను తీపి చేయును. చేసినవాడు మొదట ఇతరులకు పెట్టి తాను కడపట తినుట మర్యాద. చీమలకైనను ఒక పలుకు వేయుట మంచిది. వాకిట బియ్యపు పిండితో ముగ్గు పెట్టు తల్లులు ఆ సంగతిని చిరకాలమునుండి ఎరుగుదురు. వారి చిత్రమును ఉదయమున మనుష్యులు చూతురు, మధ్యాహ్నమునకు చీమలు భుజించును.

కావున రానున్న పండుగకు మీరును ఒక పిడికెడు తడిపిండితో మొదలిడుడు. బెల్లము కొనునప్పుడు మెరుపును చూచి మోసపోక, కొంచెము ముదురు రంగైనను మంచి సువాసన గల దిమ్మను అడిగి తెచ్చుకొనుడు. అట్లడుగువారు పదిమంది ఐనచో రసాయనము వేయని రైతుకు మంచి ధర లభించును. బంగారువన్నెకు ఆశపడిన కన్ను ఒకనాడు చేసిన చిక్కును ముదురు బెల్లమును మెచ్చుకొను నాలుక సవరింపగలదు. మీ చిలుక మొదట కాకివలె రావచ్చును. దిగులు పడక దానిని తినివేసి, మరియొక ముద్దను చేతికి తీసికొనుడు. రాతిలో తప్పు చెక్కినచో దిద్దుకొనుటకు వీలులేదు. పిండి మాత్రము ఎన్నిమారులైనను మరల మెత్తని ముద్దయై మీ వ్రేళ్లకొరకు ఎదురుచూచును.